మొదటి మీటరు లేని టేపు

నేను ఒక కొలత టేపును. ముప్పై మీటర్ల ఉక్కు పట్టీ, దాన్ని చుట్టిపెట్టడానికి గుండ్రటి తోలు డొప్ప, తిప్పడానికి ఇత్తడి పిడి. ముప్పై అని నా ఒంటిమీద రాసి ఉంటుంది గానీ ఆ రాతను నమ్మకండి. నేను ఇరవై తొమ్మిదే. ముందే ఎందుకు చెబుతున్నానంటే, మొదట దాచిపెట్టి చివర్లో నాలిక కరుచుకునేవాళ్ళను చాలామందిని చూశాను. నన్ను వాళ్ళలో కలపకండి.

నేనంటే ఎవరికీ గిట్టదు. వీధిలో నన్ను విప్పితే చాలు, అరుగు మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు. ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి, ఇవాళ ఎవరి గోడకు మూడిందో అనుకుంటారు. వాళ్ళది ఒట్టి అనుమానమని నేననను. నన్ను ఎవరైనా మంచికి విప్పిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడ ఒక కళ్ళద్దాలాయన నన్ను పెద్ద టేపు పక్కన పరిచి, వెంట్రుకవాసి తేడా లేదని చూసి, ముద్ర కొట్టించాడు. నన్ను నన్నుగా చూసింది ఆయనొక్కడే. తరవాత పెట్టెలో పడి, రైలెక్కి, సముద్రం ఒడ్డున ఉన్న ఈ నగరానికి వచ్చి, కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో చైన్‌మన్ తవిటయ్య చేతిలో పడ్డాను. టేపు కొస పట్టుకుని నడవడం, మేకులు కొట్టడం, ఎర్రరంగుతో గుర్తులు పెట్టడం చైన్‌మన్ పని. ఎండంతా అతనిది, సంతకం ఇంకొకరిది.

తవిటయ్య పెదవి విప్పడు. ఏమడిగినా తలూపుతాడు, అది అవునో కాదో ఎదుటివాడే తేల్చుకోవాలి. కానీ రోజూ సాయంత్రం కొబ్బరినూనె గుడ్డతో నా ఒళ్ళు తుడిచి చుట్టేవాడు. ఆ ఆఫీసులో నాకు నచ్చిన మనిషి అతనొక్కడే.

నేనొచ్చిన మూడో ఏడు, రోడ్డు వెడల్పు చేసే పనిలో ఒక లారీ నా మీద నుంచి వెళ్ళింది. మొదటి మీటరు పుటుక్కున తెగిపోయింది. కొత్త టేపు కావాలని కాగితం పెట్టారు. ఆ కాగితం ఏ బల్లమీద ఆగిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఈలోగా తవిటయ్య నన్ను కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి, ఒకటో నంబరు గీత దగ్గర ఇనుప కడియం బిగింపజేశాడు. అప్పటి నుంచి అదే నా తల. అటు కొస పట్టుకున్నవారు నంబరు చదవగానే, ఇటు కొస నుంచి తవిటయ్య "ఒకటి తీసీండి బాబూ" అనేవాడు. అతను గట్టిగా పలికే మాట అదొక్కటే. ఆ ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే టీ ఎక్కడ దొరుకుతుందో చెప్పేవారు, ఒకటి తీసేయాలనీ చెప్పేవారు. ఇరవై ఏళ్ళు ఊళ్ళో ఇళ్ళన్నీ అలాగే కొలిచారు. ఆ మాట మరవనంతకాలం లెక్క తప్పలేదు.

అప్పుడొచ్చింది క్రీడోత్సవం గోల. ప్రపంచ సముద్రతీర క్రీడోత్సవమట, అరవై దేశాల ఆటగాళ్ళట. దాన్ని మన నగరంలోనే జరిపించాలని కౌన్సిల్ పోటీకి దిగింది. తీర్మానం పెట్టిన రోజు నేను బీరువా పైన ఉన్నాను, బల్లలు చరిచిన చప్పుడు మేడ మీదకు కూడా వినబడింది. ఏకగ్రీవమట. పన్నెండో వార్డులో మురుగుకాలువకు పదేళ్ళుగా కుదరని ఏకగ్రీవం దీనికెలా కుదిరిందా అని నాకు అప్పుడే అనుమానం పుట్టింది. వారం తిరక్కుండా గోడల మీద డాల్ఫిన్లు వెలిశాయి. వీధికుక్కలు మాయమయ్యాయి. మేయరు గారు మాట్లాడిన ప్రతిచోటా "ప్రపంచం మన గుమ్మంలోకి వస్తోంది" అనేవారు. గుమ్మాలున్నవాళ్ళు మాత్రం గొళ్ళెం సరిచూసుకున్నారు.

పోటీ షరతుల్లో ఒకటి, అడ్డంకి లేని ఇసుక మైదానం మూడు వందల మీటర్లు ఉండాలని. దానికి రాజధాని నుంచి ఒక సలహాదారు దిగాడు. కుర్రాడు చురుకైనవాడే, అందరినీ "హలో" అని పలకరించేవాడు. టౌన్ ప్లానింగ్ అధికారి చక్రధరరావు గారు అతన్ని, తవిటయ్యను, నన్ను జీపులో తీరానికి తీసుకెళ్ళారు. పడమటి కొసన ఒక పెద్దమనిషి హోటలు ప్రహరీ. తూర్పు కొసన సరిహద్దు మేకు, దాన్ని ఆనుకుని పోలమ్మ చేపలు ఎండబెట్టే కళ్ళం, కళ్ళానికి అవతల ఆమె ఇల్లు.

పోలమ్మ గురించి చెప్పాలి. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక ఆ కళ్ళం మీదే నలుగురు ఆడపిల్లలను పెంచి పంపింది. ఇల్లు తన చేత్తో కట్టుకుంది. ఎవరినీ నమ్మదు. తక్కెడ పట్టినవాణ్ణి, కాగితం పట్టినవాణ్ణి అసలు నమ్మదు. ఆవిడను చూడగానే, నాకు కావలసిన మనిషి దొరికిందనుకున్నాను.

మమ్మల్ని చూసి ఆమె లేచి వచ్చింది. ఏమి కొలుస్తున్నారని అడిగి, ఆ హోటలు గోడ నుంచి ఈ మేకు దాకా నూట అరవై ఆరు బారలని చెప్పింది. ఒడ్డు నుంచి లాగే అలివి వల తాడు పరిచి తన తాతల కాలం నుంచీ కొలుస్తున్న తీరమది. రెండు చేతులూ చాపి బార ఎంతో చూపించింది కూడా. సలహాదారు నవ్వి, ప్రపంచ పోటీలకు చేతులతో కొలవరమ్మా అన్నాడు.

కొలత మొదలైంది. మొదటి ముప్పై పడగానే తవిటయ్య అలవాటు కొద్దీ "ఒకటి తీసీండి బాబూ" అన్నాడు. సలహాదారు వెనక్కి తిరిగి, పట్టుకోవడం నీ పని, చదవడం నా పని అన్నాడు. తవిటయ్య చక్రధరరావు గారి వైపు చూశాడు. ఆయనకు సంగతి తెలుసు. కానీ ఆయన అప్పుడే ఫోనెత్తి సముద్రం వైపు తిరిగారు. పదిసార్లు నన్ను పరిచారు, పదిసార్లూ ముప్పై చదివారు. మూడు వందలు! వెంట్రుకవాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇంత సరిగ్గా అమరిన అంకె ఏదైనా సరే అనుమానించాలని ఎవరికీ తోచలేదు. తోచినవాళ్ళు మాట్లాడలేదు. ఉన్నది రెండు వందల తొంభై. ఆ నిజం ఆ రోజే తేలితే ఊరవతల ఉప్పుకొటార్ల మైదానం చూసుకునేవారు, పోలమ్మ జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. ఆ సాయంత్రం తవిటయ్య నన్ను తుడవకుండానే చుట్టేశాడు.

తనిఖీ బృందం మూడు నెలలకు వచ్చింది. పూలదండలు, తప్పెటగుళ్ళు, కొబ్బరిబొండాలు అన్నీ అయ్యాక, అందులో ఒకామె సంచిలోంచి చిన్న యంత్రం తీసి హోటలు గోడ దగ్గర నిలబడింది. మేకు దగ్గర ఒకరిని పలక పట్టుకోమంది. ఎర్రచుక్క ఒకటి వెళ్ళి ఆ పలక మీద వాలింది. రెండు వందల తొంభై అని యంత్రం చెప్పింది. మేయరు గారి చిరునవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని తీయడం ఆయన మరిచిపోయారు. అక్కడికక్కడే మాటిచ్చేశారు. మిగతా పది మీటర్లు నెల తిరిగేలోగా చూపిస్తామన్నారు.

పది మీటర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? పడమట హోటలు గోడ వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. తూర్పునే జరగాలని ఉత్తర్వు వచ్చింది. పోలమ్మ కళ్ళం తొమ్మిది మీటర్లు. పదో మీటరులో ఉన్నది ఆమె ఇంటి ముందుగది, పొయ్యి, తలుపు. పది మీటర్ల దగ్గర గీత పడితే ఇల్లు లేదు.

గుర్తు పెట్టడానికి చక్రధరరావు గారు వచ్చారు, వెనక పొక్లెయిను వచ్చింది. తవిటయ్యకు ఉద్యోగం ఇంకా నాలుగు నెలలుంది. అతను నా కడియాన్ని సరిహద్దు మేకుకు తగిలించి, నన్ను లాక్కుంటూ కళ్ళం మీదుగా నడిచాడు. ఎండుతున్న కవళ్ళ చేపలు అతని కాళ్ళ కింద పటపటలాడాయి. ఇంటి గోడ మొదట్లో ఆగాడు. నా మీద అక్కడ పది అని ఉంది. పదకొండు దగ్గర ఆగాలి. పదకొండు గోడ లోపల ఉంది. చక్రధరరావు గారు గొడుగు కింద నుంచే ఎంతయ్యిందని అడిగారు.

"పది బాబూ" అన్నాడు తవిటయ్య.

ఒకటి తీసేయమని అనలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆ మాట మింగేశాడు. చక్రధరరావు గారు నా కడియం వైపు చూశారో, చూడనట్టు నటించారో నాకు ఈనాటికీ అనుమానమే. సంతకం పెట్టారు. గోడ మొదట్లో ఎర్రగీత పడింది. కళ్ళం పోయింది, ఇల్లు మిగిలింది.

పోలమ్మకు ఇదేమీ తెలియదు. తన కళ్ళం మింగినవాళ్ళలో తవిటయ్యనే మొదట చూసింది కనుక అతన్నే తిట్టింది. వీధిలో కనబడితే మన్నెత్తి పోసేది. మంచినీళ్ళడిగినా పుట్టేవి కావు. అతను తలూపుకుంటూ వెళ్ళిపోయేవాడు. నాకు ఒళ్ళు మండేది గానీ నాకు నోరేదీ?

క్రీడోత్సవం వేరే దేశం ఎగరేసుకుపోయింది. మన మైదానం సంగతి చివరిదాకా ఎవరూ ఎత్తనే లేదట. డాల్ఫిన్లు వెలిసిపోయాయి, కుక్కలు తిరిగొచ్చాయి. చదునుచేసి రోలరు తొక్కించిన నేల ఎవరికీ అక్కర్లేక పడి ఉంటే, పోలమ్మ ఒక పొద్దున్నే గంప తెచ్చి దాని మీదే చేపలు పోసింది. ఎవరూ అడగలేదు. ఆఫీసుకు యంత్రం కొన్నారు. తవిటయ్య రిటైరయ్యాడు. నన్ను పాత ఇనుములో వేశారు.

పాత ఇనుము కొట్లో నన్ను కొన్నది పోలమ్మే. పొడుగాటి సావళ్ళ చేపలు వేలాడదీయడానికి గట్టి తీగ కావలసి వచ్చింది. రెండు గుంజలకు కట్టబోతూ నా కడియం దగ్గర ఆగింది. చదువు రాకపోయినా తక్కెడ రాళ్ళ మీది అంకెలు ఆమెకు తెలుసు. కడియం పక్కనే ఒకటి, తరవాత రెండు. వెనక్కి తిప్పి చూసింది, మళ్ళీ చూసింది. మేకు దగ్గర నన్ను తగిలించి గోడ దాకా లాగింది. పది. తరవాత తన చేతులు చాపి బారలు వేసింది. అయిదు బారల మీద జానెడు. గీత ఇంకొక మీటరు లోపల పడాల్సిందని అర్థమై, ఎర్రగీత పక్కన అలాగే చతికిలబడింది.

మర్నాడు తవిటయ్య ఆ దారినే వెళుతుంటే అడ్డంగా నిలబడింది.

"ఈ టేపుకి తల నేదు తవిటన్నా. రెండేళ్ళు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టినాను. నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నువ్వు ఊరుకుంటావేటి? ఊరంతా సెప్పీదానివి. నీ ఇల్లూ పోయీది, నా ఉద్యోగమూ పోయీది."

అది నిజమే మరి. పోలమ్మ కళ్ళు తుడుచుకుని, ఉన్నవాటిలో మంచి సావళ్ళు ఏరి కట్టి ఇచ్చింది. తవిటయ్య వాటిని వాసన చూసి, నిన్నటివా అని అడిగాడు. అనుమానం ఇద్దరిదీ ఒక్కటే జాతి.

అంతటితో కథ ముగిస్తే బాగుండేది. పోయిన వారం కౌన్సిల్‌లో మళ్ళీ బల్లలు చరిచారట. ఈసారి అంతర్జాతీయ పడవల పందేలట, ఏకగ్రీవమట. పాత ఫైలే దుమ్ము దులిపారు. అవే పది మీటర్లు. ఇవాళ పొద్దున్న ఇద్దరు కుర్ర ఉద్యోగులు యంత్రంతో వచ్చి, మేకు దగ్గర నిలబడి దాన్ని వెలిగించారు. ఎర్రచుక్క పోలమ్మ ఇంటి గోడ మీద వాలింది. ఆ యంత్రంలో పోయిన మీటరేదీ లేదు.

పోలమ్మ ఆ చుక్కను చూసింది. గబగబా గుంజల దగ్గరికి వచ్చి, సావళ్ళన్నీ దులిపి నన్ను విప్పింది. తుప్పు చీర కొంగుతో తుడిచింది. రోడ్డు మీద వెళుతున్న తవిటయ్యను కేకేసింది. అతను వచ్చి, ఒక్క మాటా అడక్కుండా, నా కడియాన్ని మేకుకు తగిలించి పట్టుకున్నాడు.

"దీంతో కొలండి బాబూ" అంది పోలమ్మ. "ఇది సర్కారు టేపే."

కుర్రవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఒకతను వంగి నా ఒంటిమీద తుప్పులోంచి అక్షరాలు చదువుతున్నాడు. ఈ టేపు ఎన్ని మీటర్లని తవిటయ్యను అడిగాడు. తవిటయ్య తలూపాడు.

మొదట్లో మీకు నిజం చెప్పాను, మీ దగ్గరే ఉంచుకోండి. ఆ కుర్రాడు నన్నడిగితే మాత్రం ముప్పై అనే చెబుతాను.