సినిమాలో లేని సీను

ఆ ఇంట్లో సినిమా చూడటం సగం పనే. మిగతా సగం ఇంటికొచ్చాక భోజనాల బల్ల దగ్గర ఉంటుంది. పెద్దాయన పెట్టిన పద్ధతి అది. ఆదివారం మధ్యాహ్నం ఆటకు అందరూ వెళ్ళాలి. తిరిగొచ్చి బల్ల చుట్టూ కూర్చున్నాక, చిన్నవాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరూ సినిమా ఎలా ఉందో చెప్పాలి. చివర పెద్దాయన చెబుతాడు. ఆయన చెప్పాక ఇంకెవరూ నోరెత్తరు.

ఆయన ఏం చెబుతాడో అందరికీ ఇంటర్వెల్లోనే తెలిసిపోతుంది. లేచి వెళ్ళి అందరికీ పాప్‌కార్న్ కొనుక్కొస్తే సినిమా బాగున్నట్టు. కుర్చీలోంచి కదలకుండా మెడ వెనక గోక్కుంటుంటే బాగాలేనట్టు. దాన్నిబట్టి ఎవరి అభిప్రాయం వాళ్ళు దారిలోనే సర్దుకునేవారు.

పెద్దాయన అల్లుడికి ఆ శ్రమ కూడా లేదు. బావమరిది ఏమంటే తనూ అదే అని, చివర "పాటలు కూడా పర్లేదు" అని ఒక ముక్క కలిపేవాడు. పాటలు లేని సినిమాకు కూడా ఒకసారి అలాగే అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

అత్తగారు నలుగురిలో "మా అల్లుడు నోట్లో నాలుక లేనివాడు" అని మురిసిపోయేది. నాలుక మాటెలా ఉన్నా, ఆ నోట్లో మేకులు మాత్రం ఉండేవి. సోఫాలకూ కుర్చీలకూ బట్ట తొడిగే పని వాళ్ళది. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదాల మీదికి తోసి, అందుకుని, సుత్తితో కొట్టుకుంటూ పోవాలి. నోట్లో మేకులుండగా మాట్లాడితే అవి గొంతులో దిగబడతాయి. మామగారు ఎదురుగా కత్తెర పట్టుకుని బట్ట కోస్తూ, లోకంలో ఉన్న సంగతులన్నీ చెప్పుకుపోయేవాడు. అల్లుడు "ఊఁ" అనేవాడు.

ఏళ్ళు గడిచేసరికి ఆ ఊఁలే ఒప్పందాలైపోయాయి. దుకాణం వెనక, స్పంజి మూటలు పేర్చే గదిలో కాపురం పెట్టమంటే ఊఁ. ఇంట్లో మనిషికి జీతం ఎందుకయ్యా అంటే ఊఁ. బోర్డు మీద కొడుకు పేరొక్కటే రాయిస్తున్నానంటే దానికీ ఊఁ. వీధిలో వాళ్ళు కూడా అతణ్ణి అల్లుడనే పిలుస్తారు. పోస్టు తెచ్చేవాడు సైతం "అల్లుడుగారూ" అనే కేకేస్తాడు.

ఒకప్పుడు ఇదే దుకాణంలో అతనితో పాటు పనిచేసిన పొట్టివాడు, ఇప్పుడు వేరే ఊళ్ళో బస్సులు కట్టే షెడ్డులో సీట్ల మేస్త్రీ. శుక్రవారం ఫోను చేశాడు.

"ఒరే అల్లుడూ, మా దగ్గర ఒక చోటు ఖాళీ అయింది. రెండు గదుల ఇల్లు కూడా ఇస్తారు. కిటికీలు ఉన్నాయిరా బాబూ, రెండిటికీ! సోమవారం పొద్దున్నకల్లా చెప్పు."

"ఊఁ."

"నీ ఊఁ నాకొద్దు. మా షెడ్డు ఓనరుకి మాట కావాలి. నోరు తెరిచి వస్తాను అను, లేకపోతే రాను అను."

ఏదీ అనలేక ఫోను పెట్టేశాడు. భార్యకు చెబితే ఆమె వాళ్ళ అమ్మకు చెబుతుంది. వాళ్ళ అమ్మ కడుపులో మాట దాగదు. మామగారితో పని వేళ చెబుదామంటే నోట్లో మేకులు, పని అయ్యాక చెబుదామంటే ఆయన నోరు ఖాళీ లేదు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. రెండు రాత్రులు కన్ను మూతపడలేదు. ఆలోచించగా ఆలోచించగా ఒక్క దారి కనబడింది. వారం మొత్తంలో ఆ ఇల్లు అతని మాట కోసం ఆగేది ఒక్క చోటే: ఆదివారం, సినిమా అయ్యాక, అతని వంతు వచ్చినప్పుడు. అప్పుడు చెప్పేయాలి.

ఆ ఆదివారం సినిమా ఒక పెద్దింటి డ్రైవరు కథ. యజమాని వాణ్ణి భోజనాల వేళ పదిమందిలో నానా మాటలూ అంటాడు. వాడు తలొంచుకుని నిలబడతాడు. ఇంటర్వెల్లో మామగారు పాప్‌కార్న్ కొన్నాడు. అందరి ముఖాలూ తేటపడ్డాయి. దీపాలు ఆరిపోయాక అల్లుడు పొట్లం ఒళ్ళో పెట్టుకుని, చెప్పాల్సిన మాట మనసులో మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. హాలు చల్లగా ఉంది.

ఇంటికొచ్చి బల్ల దగ్గర చేరారు. అత్తగారు కూర గిన్నె మధ్యలో పెట్టింది.

"ఊఁ, కానివ్వండి" అన్నాడు పెద్దాయన.

"సూపర్ నాన్నా. చివర్లో నాకు ఏడుపొచ్చింది" అన్నాడు బావమరిది.

"నీకు ఏడుపు రావడానికి సినిమా ఎందుకురా? కూరలో ఉప్పు తగ్గినా ఏడుస్తావు" అంది వాడి అక్క, అల్లుడి భార్య.

"నీ సంగతి చెప్పవే ముందు."

"బాగుంది నాన్నా" అందామె. మళ్ళీ తనే, "ఆ ఇల్లు బాగుంది. ఎన్ని గదులో" అంది.

పెద్దాయన ఆగలేకపోయాడు. తన వంతు రాకముందే బల్ల మీద అరచేత్తో చరిచి, "మనిషంటే వాడు! ఆ డ్రైవరు!" అన్నాడు.

అల్లుడు చివ్వున తలెత్తాడు. మామగారికి కూడా వాడు నచ్చాడా? వాడు చేసిన పని ఈయనకు నచ్చిందా? ఇంకేం కావాలి! వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. పాటల ఊసెత్తలేదు. గొంతు సవరించుకున్నాడు.

"నాకూ అదే నచ్చింది మామయ్యా. అన్ని మాటలు పడ్డాక, వాడు ఎదురు తిరిగి అరవలేదు, దేన్నీ విసిరికొట్టలేదు. కారు తాళాలు బల్ల మీద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. చెప్పులేసుకుని గేటు దాకా నడిచాడు. బయటికి వెళ్ళాక కూడా వెనక్కి తిరిగి, కుక్కలు రాకుండా గేటుకు గొళ్ళెం పెట్టి మరీ వెళ్ళాడు చూశారా, అదీ... అది చాలా బాగుంది. అలా వెళ్ళొచ్చు అనిపించింది. ఎవర్నీ నొప్పించకుండా."

అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అత్తగారి చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది.

"ఏ గేటు బావా?" అన్నాడు బావమరిది.

"అదే, ఇంటి గేటు."

"వాడు వెళ్ళనే లేదు కదా! చివర్లో యజమాని కౌగిలించుకుని 'నువ్వు మా ఇంటివాడివిరా' అంటాడు. వాడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంటాడు. అయిపోయింది." అంటూనే బావమరిదికి సంగతి వెలిగింది. "నిద్రపోయావు బావా! అయ్యబాబోయ్, కలగన్నావు! నేను గురక విని వెనక సీటాయన అనుకున్నాను. పాపం ఆయన్ని తిరిగి చూశాను కూడా!"

బల్లంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "పోనీలెండి, వారమంతా ఒళ్ళు హూనం చేసుకుంటాడు బాబు" అంది. అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. గేటు అంత స్పష్టంగా కళ్ళ ముందు ఉంది. గొళ్ళేనికి తుప్పు కూడా కనబడింది. అది తన తలలోనే ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. రేపు దుకాణానికి వచ్చే ప్రతి మనిషికీ ఈ కథ చెబుతారు. ఏడాది పొడుగునా చెబుతారు.

నవ్వనివాళ్ళు ఇద్దరే. భార్య నవ్వలేదు. మామగారు నవ్వలేదు.

"అల్లుడూ" అన్నాడాయన మెల్లగా. "గేటు దాటి ఎక్కడికి పోయాడయ్యా వాడు?"

'తెలీదు, అప్పుడే మెలకువ వచ్చింది' అంటే చాలు. ఇంకోసారి నవ్వుకుంటారు, భోజనాలవుతాయి, రేపు సుత్తి చేతికొస్తుంది, ఇక ఈ జన్మకు ఆ గదే, ఆ స్పంజి మూటలే.

"బస్సులు కట్టే షెడ్డుకి" అన్నాడు. "సీట్లు కుట్టడానికి. పొట్టివాడు పిలిచాడు. రేపు పొద్దున్నకల్లా మాట చెప్పాలి."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పెద్దాయన తన కంచం తుడుస్తూనే ఉన్నాడు, అది ఎప్పుడో శుభ్రమైపోయినా.

"సినిమా బాగుంది" అన్నాడు చివరికి. "గడప దాటకపోవడమే అందులో బాగుంది. అయిపోయింది. వడ్డించండి."

తీర్పు వచ్చేసింది. ఆ తర్వాత మాట ఉండదు. అత్తగారు తనను ఎవరూ అడగలేదన్న సంగతి కూడా మర్చిపోయి గరిటె గిన్నెలో ముంచింది. అల్లుడు చెప్పాడు, అయినా చెప్పనట్టే అయింది. నీళ్ళలో వేసిన రాయి అయింది మాట.

"నాన్నా, నా మాట మార్చుకుంటాను" అంది భార్య.

"ఏం మాట?"

"సినిమా మాట. నాకు బాగాలేదు."

"ఇప్పుడేగా బాగుందన్నావు?"

"మీరు పాప్‌కార్న్ కొన్నారు, అందుకని అన్నాను. నేను నిద్రపోలేదు నాన్నా. మొత్తం చూశాను. వాడు ఎప్పుడు లేస్తాడా, ఎప్పుడు వెళ్తాడా అని చివరిదాకా చూశాను. లేవలేదు. ఈయన చెప్పిందే నాకు నచ్చింది."

"సినిమాలో లేనిది నీకెలా నచ్చిందే?"

"లేదనే నచ్చలేదంటున్నాను."

పెద్దాయన పెళ్ళాం వైపు తిరిగాడు, ఏదో ఒకటి అను అన్నట్టు. ఆవిడ "నేను కళ్ళజోడు తీసుకెళ్ళలేదండీ. నాకు మసకమసగ్గానే కనబడింది" అని కూర వైపు చూసింది.

"మనం ఒప్పుకున్న హోటలు వాళ్ళ కుర్చీలు ఎవరు పూర్తిచేస్తారు?" అని పెద్దాయన అల్లుణ్ణి అడిగాడు.

"పూర్తిచేసే వెళ్తాను."

"చూద్దాం."

ఆ ఇంట్లో చూద్దాం అంటే లేదని అర్థం. ఆ మాటతో ఎన్నో సంగతులు అణిగిపోయాయి. బావమరిది చదువు అలాగే పోయింది, వెనక గదికి కిటికీ అలాగే పోయింది.

"చూసేదేం లేదు మామయ్యా" అన్నాడు అల్లుడు. "పొద్దున్నే ఫోను చేస్తాను. ఇద్దరం వస్తున్నామని చెబుతాను."

పెద్దాయన జగ్గు అందుకుని, నిండుగా ఉన్న గ్లాసులోనే నీళ్ళు పోశాడు. నీళ్ళు అంచు దాటి, బల్ల మీద పారి, అందరి ఒళ్ళోకీ చుక్కలు చుక్కలుగా కారాయి. ఎవరూ లేవలేదు. ఎవరు ముందు లేవాలో ఎవరికీ తెలియలేదు.