కాంతి చాలని హెడ్‌లైటు

నేను ఒక హెడ్‌లైటును. ఎర్ర రంగు స్పోర్ట్స్ కారుకి కుడివైపు ఉండేదాన్ని. ఎడమవైపుది, నా తోడుది, తారురోడ్డు మీద ముక్కలైపోతే ఎవరో చీపురుతో పక్కకి ఊడ్చేశారు. నన్ను మాత్రం జాగ్రత్తగా విప్పి, గోనెగుడ్డలో చుట్టి, నంబరు చీటీ కట్టి పోలీస్ స్టేషన్ వెనక గదిలో బీరువా మీద పెట్టారు. ఇటుపక్క ఒక తుప్పు కొడవలి, అటుపక్క సారా కాచిన కుండ. నా సహవాసం ఇప్పుడు వీటితో.

నేను చేసిన నేరమేమిటో కాగితం మీద ఉంది. "ఇంట్లో తయారు చేసిన, కాంతి చాలని హెడ్‌లైటు." బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు రాసిన మాటలవి. ఆయన నన్ను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, అంచులు గోరుతో గీకి చూశాడు. బ్యాటరీకి తగిలించి ఒక్కసారి వెలిగించి చూడాలని మాత్రం ఆయనకి తోచలేదు. లైటు గురించి రాసేటప్పుడు లైటు వేసి చూడని మనుషులతో ఏం వాదిస్తాం?

నన్ను తయారు చేసినది తిరుపతిరాజు గారు. కొల్లేరు పక్కన ఆయనకి ముప్పై ఎకరాల రొయ్యల చెరువులున్నాయి. వయసు ముప్పై ఆరు. హైదరాబాదులో ఒక డాక్టరు వాడి వదిలేసిన రెండు తలుపుల కారు కొని తెచ్చుకున్నారు. దాని పాత లైట్లు పసుపుపచ్చగా మసకబారి ఉన్నాయి. కొత్తవి బిగించుకోవచ్చు కదా? బిగించుకోరు. కారు పిచ్చి ఉన్నవాళ్ళకి చేతులు ఊరుకోవు. విదేశీ కార్లు విప్పే దుకాణం నుంచి రెండు ప్రొజెక్టర్లు తెప్పించారు. ప్రొజెక్టరంటే ఏం లేదు, లోపల ఒక గిన్నె, దాని ముందు చిన్న రేకు తెర, ఆ ముందు అరచేతిలో ఇమిడే గాజుగుండు. వెలుగుని చెదరనివ్వకుండా పోగు చేసి రోడ్డు మీదకి పంపుతుంది.

పాత లైటు మూత తియ్యాలంటే అంచున పట్టుకున్న నల్ల జిగురు మెత్తబడాలి. అందుకు వేడి కావాలి. ఆ ఇంట్లో ఉన్న ఓవెన్ ఒక్కటే, అది సుభాషిణి గారిది. ఆమె ఆయన భార్య, మేనమామ కూతురు కూడాను.

"బావా, అది కేకులు చేసుకునే ఓవెన్. మీ రబ్బరు కంపు నెల్లాళ్ళు వదలదు."

"పది నిమిషాలే సుభా. నూరు డిగ్రీలు పెడతాను. మళ్ళీ నిమ్మకాయతో నేనే తోమిస్తాను."

పది నిమిషాలు కాలాను. మెత్తబడ్డ జిగురులోకి గుడ్డ చుట్టిన స్క్రూడ్రైవరు దోపి, ఊపిరి బిగబట్టి, చుట్టూ మెల్లగా లేపుకొచ్చారు. మూత పగలకుండా ఊడొచ్చినప్పుడు ఆయన ముఖం చూడాలి. చెరువు నీళ్ళకి గాలి పట్టించే గాలి చక్రానికి వాడి పడేసిన అల్యూమినియం రేకు కోసి నాకు పట్టీలు చేశారు. లోపలంతా నల్లరంగు పూశారు. మూత మళ్ళీ అతికించి, సన్న గొట్టంలో నీళ్ళు పోసి మట్టం చూసి, షెడ్డు ఎదురుగా ప్రహరీ గోడ మీద మమ్మల్ని సరిచేశారు. గోడ దగ్గర సుద్దముక్కతో గీత గీసింది ఏడుకొండలు. పన్నెండేళ్ళుగా ఆ చెరువుల్లో వల విసిరి, రొయ్య ఎంత పెరిగిందో చూపించే మనిషి. వెలిగించగానే గోడ మీద పైన చీకటి, కింద వెలుగు, మధ్యన కత్తితో కోసినట్టు గీత. ఏడుకొండలు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"పట్టపగలు చేసేశారు కదండి రాజుగారూ!"

నాకు పొగరొచ్చిందంటే వచ్చింది. అబద్ధమెందుకు?

ఆ సాయంత్రమే ఆయన కారు తీసుకుని చెరువుల దాకా వెళ్ళొచ్చారు. వచ్చి బానెట్టు మీద చెయ్యి వేసుకుని చాలాసేపు నిలబడ్డారు. "చాలట్లేదు," అన్నారు. నా కడుపు మండింది. రోడ్డు పక్క గడ్డిపరకలు కూడా విడివిడిగా కనపడేలా వెలిగాను కదా, ఇంకేం కావాలి ఈయనకి? మర్నాడు మళ్ళీ ఓవెన్లో పెట్టారు. పెద్ద బల్బు వేశారు. మళ్ళీ వెళ్ళొచ్చారు. మళ్ళీ చాలట్లేదు. మూడోసారి గిన్నె మెరుగు పెట్టారు. అప్పటికి సుభాషిణి గారు ఓవెన్ సంగతి అడగడం మానేసి, ఆయన్ని గమనించడం మొదలుపెట్టారు.

ఆమె ఏం చూస్తున్నారో నాకు తరవాత అర్థమైంది. బల్ల మీద పడి ఉన్న నాకు కూడా కనపడుతూనే ఉంది. షెడ్డులో ఆరు ట్యూబులైట్లు వెలుగుతున్నంతసేపు ఆయన చేతులకి తిరుగులేదు. ఆవగింజంత స్క్రూ కూడా ఒక్క చూపుకి దొరికేది. అదే సందె పడ్డాక షెడ్డు గుమ్మం దాటితే రోజూ ఉండే బకెట్టునే తన్నుకునేవారు. పక్కన మనిషి నిలబడి ఉన్నా పలకరిస్తే తప్ప తెలిసేది కాదు. ఎదురుగా ఉన్న గోడ కనపడేది. ఆ గోడ మీద నా గీత కూడా కనపడేది. పక్కన ఉన్నది కనపడేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళకుండా నిలబడ్డారు.

"బావా, ఒక్కసారి కళ్ళు చూపించుకుందామా?"

"కళ్ళకేమైంది? నాకు కళ్ళజోడు కూడా లేదు."

"నాన్నకీ లేదు. జోడు లేకుండానే పేపరు చదివేవారు. సందె పడితే మాత్రం మా ఇంటి గుమ్మం ఆయనకి కనపడేది కాదు. నలభై ఏళ్ళు వచ్చేసరికి పగలు కూడా..."

"లైటు బాగోలేదంటే నీకు అర్థం కాదా?" అని ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీదకి విసిరారు. అది నా మూతకి తగిలి గీత పడింది.

కానీ ఆయన వెళ్ళారు. మేత కంపెనీ మీటింగని ఇంట్లో చెప్పి, ఒక్కరే పట్నం వెళ్ళి చూపించుకొచ్చారు. నాలుగు రోజుల తరవాత కంటి డాక్టరు ఫోన్ చేసినప్పుడు షెడ్డు తలుపు దగ్గరకి వేసి మాట్లాడారు. "మందు లేదంటారు... ఇంకెన్నాళ్ళుంటుందండి చూపు?... ఆయ్. రాత్రిళ్ళు నడపను లెండి. సందెవేళ కూడా నడపను. మాటిస్తున్నాను." ఫోన్ పెట్టేసి స్టూలు మీద కూలబడి, పక్కనున్న నా మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. ఆ ఒక్క రోజు నాకు ఆయన మీద కోపం పోయింది. ఎంత జాలేసిందో చెప్పలేను.

ఆయన బాధ నాకు తెలియనిది కాదు. రొయ్యలకి సాయంత్రం మేత పడాలి, చీకటి పడేలోపు గాలి చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. రైతు గట్టు మీద లేని చెరువు ఎన్నాళ్ళు నిలుస్తుంది? అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. పెళ్ళిళ్ళలో చూపు పోయిన మేనమామని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, భోజనాల వేళ దాకా అందరూ మరిచిపోవడం ఆయన చిన్నప్పటి నుంచి చూశారు. ఆ కుర్చీ తనకి వస్తుందన్న సంగతి భార్యకి చెప్పడం కంటే, నన్ను నాలుగోసారి విప్పడం ఆయనకి తేలికైంది. మర్నాడే ఇంకా పెద్ద బల్బు తెప్పించారు. మనుషులకి ఎక్కడ చెడిందో తెలిసినా, చెయ్యి అందేచోటే బాగుచేస్తారు. నాకు భయం మొదలైంది అప్పుడే.

కార్తీకమాసంలో ఒక రోజు. ఆరు అయి ఉంటుంది. చెరువుల మధ్య రోడ్డు, ఒక బండికి సరిపడా వెడల్పు, రెండు పక్కలా బురద గట్లు. ఆకాశంలో ఇంకా కాస్త ఎరుపు ఉంది. కారు వేగంగానే వెళ్తోంది, మరీ ఎక్కువేం కాదు. నూరు గజాల అవతల, ఎడమ అంచున, ఏడుకొండలు సైకిలు తోసుకుంటూ నడుస్తున్నాడు. భుజం మీద తడి వల. హ్యాండిలుకి అల్యూమినియం క్యారియరు. గళ్ళ చొక్కా. కారు చప్పుడుకి ఆగి వెనక్కి తిరిగి నా వైపే చూశాడు. నా వెలుగంతా అతని ముఖం మీద, చొక్కా మీద, చేతుల మీద పడింది. అతను నవ్వి, ఒక చెయ్యి సగం ఎత్తాడు.

కారు జోరు తగ్గలేదు.

నాకు నోరు లేదు. బ్రేకు నా చేతిలో లేదు. వెలగడం తప్ప ఇంకేమీ చేతకాని దాన్ని, అందుకే వెలిగాను. నా తోడు లైటు అతనికి తగిలి పగిలిపోయిన చప్పుడు ఈ బీరువా మీద కూడా నాకు వినపడుతూనే ఉంది.

రాజుగారు తలుపు తెరుచుకుని దిగారు. చేతులు ముందుకి చాపి, కాలితో రోడ్డు తడుముకుంటూ, "ఎవరది? ఎవరండీ? ఎక్కడున్నారు?" అని అరుస్తున్నారు. అతను నా వెలుగు అంచునే, ఆయనకి నాలుగడుగుల దూరంలో పడి ఉన్నాడు.

"ఇక్కడండి రాజుగారూ," అన్నాడు ఏడుకొండలు. "ఇటు, ఇటు."

జనం పోగయ్యేసరికి ఆయన కారుకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఏమైందని ఎవరో అడిగితే, "లైట్లు సరిగా పడలేదు," అన్నారు. అంతే. ఆ మూడు మాటలే తరవాత పోలీసు కాగితంలోకి, అక్కడి నుంచి ఇన్‌స్పెక్టరు గారి రిపోర్టులోకి నడిచిపోయాయి. ఏడుకొండలు కుడికాలు మోకాలి దాకా తీసేశారు. నేనిక్కడికి వచ్చాను. సుభాషిణి గారు ఒకసారి స్టేషనుకి వచ్చి, గుమ్మంలోంచి నన్ను చూసి, ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. నన్ను నాలుగుసార్లు తన ఓవెన్లో కాల్చనిచ్చిన మనిషి, అన్నీ తెలిసిన మనిషి, నోరు విప్పకుండా ఎలా వెళ్ళగలిగారా అని రోజుల తరబడి కుమిలిపోయాను.

కేసు ఏడాది నడిచింది. రాజుగారి తరఫు వకీలు గారి దారి తిన్ననిది. ఇంట్లో లైట్లు మార్చుకోవడం పొరపాటే, దానికి జరిమానా వేసి వదిలెయ్యండి, మనిషి తప్పేమీ లేదు. అలా తేలితే రాజుగారి లైసెన్సు ఆయన జేబులోనే ఉంటుంది. ఇంటి దగ్గర జీపు ఒకటి కొన్నారనీ, దానికి ఇంకా పెద్ద లైట్లు బిగిస్తున్నారనీ కానిస్టేబుళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. అంటే మళ్ళీ సందెవేళ, మళ్ళీ ఆ రోడ్డు, ఈసారి ఎవరో.

ఆఖరి వాయిదాకి నన్ను కోర్టుకి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టారు. లైట్లు మొదటి నుంచీ గుడ్డిగానే వెలిగేవని చెప్పడానికి సుభాషిణి గారిని సాక్షిగా పిలిచారు. ఆమె బోనెక్కి నా వైపు చూశారు. తరవాత భర్త వైపు చూశారు.

"లైటుది తప్పేం లేదమ్మా," అన్నారు మెజిస్ట్రేటు గారితో. "సందె పడితే మా బావకి కనపడదు. మా నాన్నకీ అంతే. నాకు ముందే తెలుసు. ఈయన చెప్పలేదు, నేను గట్టిగా అడగలేదు. ఆ రోజు తాళాలు దాచెయ్యాల్సింది, దాచలేదు."

వకీలు గారు లేచి ఏదో అనబోతే, రాజుగారే చెయ్యెత్తి ఆపారు. "నిజమేనండి," అన్నారు. ఆయన ఏడుస్తున్నారు. నాకు మాత్రం, ఏం దాచను, పండగలా ఉంది. ఏడాదిగా మోస్తున్న నింద పోయింది. నేను బాగానే వెలిగాను, ఆ మాట కోర్టులో చెప్పారు. ఇక నన్ను తుక్కులో వేసినా ఫరవాలేదనుకున్నాను.

అప్పుడు మెజిస్ట్రేటు గారు బెంచీ చివర చంకకర్రలతో కూర్చున్న ఏడుకొండలుని లేవకుండానే జవాబు చెప్పమన్నారు.

"కారు వస్తున్నట్టు నీకు దూరం నుంచే తెలిసింది కదా. పక్కన గట్టు ఉంది. ఎందుకు దిగలేదు?"

అతను చంకకర్రలు సర్దుకున్నాడు. రాజుగారిని నొప్పించకుండా ఎలా చెప్పాలా అని చూసుకుంటున్నట్టుంది.

"ఆ వెలుగులో నా చొక్కా గళ్ళు నాకే కనపడుతున్నాయండి, అమ్మగారూ. ఇంత వెలుగు నా మీద పడ్డాక రాజుగారు నన్ను చూడకపోవడమేంటి, చూశారులే, ఆపుతారులే అనుకున్నానండి. అందుకే దిగలేదండి. మామూలు లైటయితే ఎప్పుడో దూకేసేవాణ్ణి."