గట్టి చేతులు, కదిలే పళ్ళు

మెత్తటి బన్ను కొరికిన పాప నమలడం ఆపేసి అరచేతిలోకి ఉమ్మింది. నెత్తురు అంటిన ముద్దలో ఒక పన్ను, వేరుతో సహా ఊడి వచ్చింది. పిల్ల ఏడవలేదు.

"అమ్మా, ఇంకోటి పోయింది" అని చూపించింది, అంతే.

తల్లి ఆ పన్నుని చేతిలోకి తీసుకుని చూసింది. నాలుగేళ్ళ పిల్లకి పళ్ళు ఊడటమేమిటి? ముందువి రెండు పోయినప్పుడు ఎక్కడో పడి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నారు. ఇది బన్ను తింటుంటే ఊడింది.

"ఊడక ఏం చేస్తాయి?" అంది అత్తగారు వంటింటి గడప దగ్గర నిలబడి. "ఏడిస్తే చాక్లెట్టు, నవ్వితే చాక్లెట్టు. పొద్దున్నే ఫ్యాక్టరీకి పరిగెత్తే తల్లికి పిల్ల పళ్ళు తోమే తీరికెక్కడిది?"

కోడలు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేస్తుంది. ఎంత తొందరున్నా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తనే పళ్ళు తోముతుంది. తోమిన ప్రతిసారీ నురగ ఎర్రగా వచ్చేది. ఆ మాట అత్తగారితో అంటే మళ్ళీ తన మీదికే వస్తుందని నోరు మూసుకుంది.

మర్నాడు భర్త పని మానుకున్నాడు. అతను ఇళ్ళకు టైల్స్ వేసే మేస్త్రి. నలుగురూ కలిసి పళ్ళ ఆసుపత్రికి వెళ్ళారు.

డాక్టరమ్మ పాప నోరు తెరిపించి చాలాసేపు చూసింది. చిగుళ్ళు ఉబ్బి, ఎర్రగా, ముట్టుకుంటే నెత్తురు కారేలా ఉన్నాయి. ఎక్స్‌రే తీయించి వెలుగుకు ఎదురుగా పెట్టింది.

"చాక్లెట్ల వల్లేనా అండీ?" అంది అత్తగారు, కోడలి వైపు ఓరగా చూస్తూ.

"కాదు. ఒక్క పన్ను కూడా పుచ్చలేదు. పళ్ళు బాగానే ఉన్నాయి. వాటిని పట్టుకుని ఉండాల్సిన ఎముకే కరిగిపోయింది."

అరవై ఏళ్ళ వాళ్ళలో చూసేది ఈ పసిదాని నోట్లో చూస్తున్నానంటూ, పాపని కుర్చీలోంచి దించడానికి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలకుండా అలాగే ఆగిపోయింది. మెల్లగా ఆ అరచేతిని వెల్లకిలా తిప్పింది.

"ఈ చెయ్యి ఎప్పటినుంచి ఇలా ఉంది?"

మేస్త్రి నవ్వాడు. "అది నా పోలికండీ. నా చేతులే వచ్చాయి. ఇంట్లో దాన్ని చిన్న మేస్త్రి అని పిలుస్తాం."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఏదీ, మీ చెయ్యి చూపించండి."

చూపించాడు. తాపీ ఆనేచోట మాత్రమే కాయలు కాశాయి, మిగతాదంతా మామూలు చర్మమే. పాప అరచెయ్యి మొత్తం పసుపుపచ్చగా, మందంగా, గీతల వెంట పగిలి ఉంది.

"మీకు పనిచేసి కాయలు కాశాయి. ఈ పిల్ల ఏం పని చేసింది?"

మేస్త్రి ముఖంలో నవ్వు చప్పున మాయమైంది. డాక్టరమ్మ చెప్పకముందే తల్లి వంగి పాప మేజోళ్ళు లాగేసింది. పాదాలూ అంతే. రోజూ నూనె రాసే పాదాలే అవి.

"సెగగడ్డలు వస్తుంటాయా?"

"వస్తాయండీ. వేడి చేసిందనుకునేవాళ్ళం" అంది తల్లి.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఇది పుట్టుకతో వచ్చే జబ్బు, చాలా అరుదు అంది. చర్మాన్ని ఇలా చేసేదీ, క్రిములతో పోరాడే శక్తిని తగ్గించేదీ ఒకే లోపమట. అందరి నోళ్ళలోనూ ఉండే క్రిములే ఈ పిల్ల చిగుళ్ళని తినేస్తున్నాయట. రక్తపరీక్షతో ఖాయం చేసుకోవాలంది.

"మీరిద్దరూ చుట్టాలా?"

"దూరపు చుట్టరికం ఉంది" అన్నాడు మేస్త్రి. "అంటే నా నుంచే వచ్చిందా?"

"ఒక్కరి నుంచి రాదు. మీ ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటేనే పిల్లకి బయటపడుతుంది. మీకే తెలియదు, ఇందులో ఎవరి తప్పూ లేదు."

అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ అత్తగారు ఉన్నట్టుండి కిందికి జారి కూర్చుండిపోయింది.

"అమ్మా! ఏమైందే?" కొడుకు కంగారుగా పట్టుకున్నాడు.

"మా చెల్లి" అందామె. "దాని చేతులూ ఇంతేరా. పదిహేనేళ్ళకే నోట్లో ఒక్క పన్ను లేదు. పళ్ళు తోముకోవని మా అమ్మ చీపురు తిరగేసి కొట్టేది. మేమంతా బోసిదానా అని ఏడిపించేవాళ్ళం. అది తోముకునేదిరా! నా కళ్ళతో చూశాను. ఒక్కసారైనా ఆ మాట అమ్మతో చెప్పలేదు నేను..."

ఆమెకి చెల్లెలున్న సంగతే కొడుకు ఎరగడు. కోడలు అత్తగారి పక్కన నేలమీద కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుంది. వాళ్ళిద్దరినీ చూసి పాప మొదటిసారి ఏడుపు అందుకుంది.

పరీక్షలో అదే జబ్బని తేలింది. మిగిలిన పాలపళ్ళన్నీ తీసేయాలని, కొత్త పళ్ళు శుభ్రమైన చిగుళ్ళలోకి రావాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు మేస్త్రి ససేమిరా అన్నాడు. ఒప్పించింది అత్తగారే. "చెయ్యగలిగింది ఉన్నప్పుడు కూడా చెయ్యకపోతే ఎలారా?" అని కసిరింది.

పళ్ళు తీశారు. మందులు మింగించారు, చర్మానికి లేపనం రాశారు. పిల్లకి చిట్టి కట్టుడుపళ్ళు పెట్టించారు. మొదటి వారం అవి విసిరికొట్టింది. తరవాత బడిలో తీసి చూపించి పిల్లలందరినీ హడలగొట్టి, టీచరు చేత చీవాట్లు తింది.

ఆరో ఏడు నిండాక దవడ చివర కొత్త పళ్ళలో మొదటిది మొలిచింది. అది పూర్తిగా పైకి వచ్చాక డాక్టరమ్మ పరికరంతో అటూ ఇటూ కదిపి చూసింది.

"గట్టిగానే ఉంది. మిగతావి ఎలా వస్తాయో ఇప్పుడే చెప్పలేను. నెలనెలా తీసుకురండి."

తల్లి వరండాలోకి వచ్చి ఇంటికి ఫోను చేసింది.

"కదులుతోందా?" అంది అత్తగారు, హలో అనైనా అనకుండా.

"లేదత్తయ్యా."

"ఇంకోసారి చెప్పు" అంది అత్తగారు.