అరగంటకో సీసా

అరగంటకోసారి డాబా ఎక్కాలి. గాజు గిన్నెలోంచి చెంచాడు నీళ్లు తీసి, చిన్న సీసాలో పోసి, దానిమీద టైము రాయాలి. కోడలు హాసిని ఆబిడ్స్‌లోని కాలేజీకి వెళ్తూ అత్తకు అప్పజెప్పిన పరిశోధన పని అది. నాంపల్లి ఎండకు జయమ్మ మాడు పేలిపోతోంది. ఆరో సీసా నింపుతుండగా కింద గదిలో ఆఫీసు పని చేసుకుంటున్న కొడుకు విజయేందర్ కేకేశాడు.

"అమ్మా, నా చార్జర్ ఏడ వెట్టినవే?"

మొన్నటిదాకా, పోయిన పెనిమిటి కళ్లజోడు. ఇప్పుడు వీడి చార్జర్. పెట్టేది వాళ్లు, వెతికేది తను!

గిన్నెలో బఠానీలంత జెల్లు పూసలు. బట్టల అద్దకం వాళ్లు పారబోసే రంగునీళ్లలో నానుతున్నాయి. మొన్న మబ్బు పట్టిన రోజు నీళ్లు కాస్త తేటబడితే జయమ్మ సంబరపడిపోయింది.

"రంగు పోలేదత్తమ్మా, పూసలల్ల దాక్కున్నది. ఎండ తగిలితేనే లోపలున్న మందు దాన్ని విరగ్గొడ్తది" అంది హాసిని. ఆ పూట జయమ్మకు అన్నం సహించలేదు. నలభై ఏళ్లు అన్నీ కడుపులో దాచుకుని, ఇంట్లో గొడవల్లేవనిపించుకున్న మనిషి ఆమె.

సాయంత్రం చాయ్ తాగుతూ విజయేందర్ తేల్చేశాడు. పుణె ల్యాబువాళ్లు పిలిచినా సరే, హాసిని ఆరునెలలు వెళ్లడానికి వీల్లేదు.

"అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒక్కతే ఎట్ల చేస్కుంటది? గా పూసలు బేగంబజార్ల కిలోల లెక్కన దొరుకుతయి, గంత దూరం పోవాల్నా?"

చార్జర్ కోసం మెట్లు దిగి వచ్చినప్పుడు ఈ మోకాళ్లు వాడికి గుర్తు రాలేదు. జయమ్మకు ఒళ్లు మండిపోయింది. అయినా పిల్లను పంపాలంటే భయమే. గౌలిగూడలో బస్సెక్కించిన చెల్లెలిని ఆమె మళ్లీ చూడలేదు. అప్పటినుంచి ఎవరు ప్రయాణమన్నా ప్రాణం గిలగిలలాడుతుంది. ఈ పిల్ల వెళ్తే ఇంట్లో తనతో మాట్లాడేదెవరు? తను వద్దని ఒక్క మాట అంటే చాలు, ఉండిపోతుంది. హాసిని అత్త మొహం చూస్తోంది.

"చెప్పమ్మా, నీతోని కాదు గదా?"

"ఔ బిడ్డా, నాతోని కాదు."

విజయేందర్ హాయిగా వెనక్కి వాలాడు.

"గందుకే రేపటి సంది వంట నువ్వు జెయ్యాలె. బియ్యం ఎట్ల కడగాల్నో నేను జూపిస్త, ఫికర్ జెయ్యకు" అని జయమ్మ కోడలి వైపు తిరిగింది. "రైలు ఎన్నడే హాసినీ?"