నూటికి నూరు

నేను ఒక రోలింగ్ షీల్డును. ఒళ్ళు టేకుచెక్క, మధ్యలో ఇత్తడి రేకు, దాని మీద తెరిచిన పుస్తకం బొమ్మ. బిల్లులో అలాగే రాశారు. నన్ను తయారుచేసిన ఒంగోలు సందులో మాత్రం వడ్రంగి ఇత్తడి పనివాణ్ణి, "ఇది ఇత్తడేనా, పూతా?" అని అడిగాడు. "ముందు నీ చెక్క టేకేనా చెప్పు," అన్నాడతను. ఇద్దరికీ వచ్చిన అనుమానం నిజమే. పుట్టుకే అలాంటిది కాబట్టి మనుషులు ఏం చెప్పినా నేను వెంటనే నమ్మను.

నన్ను చేయించింది సుబ్బరామయ్య అనే పొగాకు వ్యాపారి. జీవితమంతా వేలిముద్రతోనే నెట్టుకొచ్చిన తన తల్లి బాపమ్మ పేరు నా మీద చెక్కించాడు. పనివాడు 'బాపమ్మ'ను 'బావమ్మ' చేశాడు. ఆవిడ బతికున్నా ఆ తప్పు పట్టుకోలేకపోయేది; బతికున్నవాళ్ళు చదువుకున్నారు గానీ పట్టించుకోలేదు.

గుండ్లవాగు చిన్న మండలం. మెట్ట నేలలు, పొగాకును వేడికి ఎండబెట్టే బ్యారన్లు, వేసవి వస్తే ట్యాంకర్ల వెంట బిందెలు. అందులో చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ప్రభుత్వ హైస్కూళ్ళు. పదో తరగతి ఫలితాల్లో ఏ బడి ముందుంటే నేను ఏడాదిపాటు ఆ బడి గోడ మీద ఉండాలి. మొదట్లో ఇదొక సరదా. గెలిచిన బడివాళ్ళు ఓడినవాళ్ళకు లడ్డూలు పంపేవాళ్ళు. కొన్నేళ్ళకు పైఅధికారులకు ఒక ఆలోచన వచ్చింది. మరమ్మతుల నిధులు అందరికీ చాలవు గనుక, షీల్డు గెలిచిన బడికే ముందు ఇద్దామన్నారు. అప్పటినుంచి లడ్డూలు ఆగిపోయాయి. ఫలితాలు వచ్చిన రోజున ఒక హెడ్మాస్టరు మరో హెడ్మాస్టరుకు చెప్పే అభినందనల్లో కూడా ఆరా ఉండేది.

కొన్నాళ్ళు అటూ ఇటూ తిరిగి, చివరకు పెదవాగుపాడు హైస్కూల్లో పాతుకుపోయాను. అక్కడి హెడ్మాస్టరు పానకాలరావు. ఎత్తు మనిషి, నెమ్మదైన గొంతు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. ఆయన కుర్చీ వెనక గోడకు నేను. ఆయన వచ్చాక ఆ బడికి ఏటా నూటికి నూరే. మండలంలో ఎవరూ నమ్మలేదు. స్లిప్పులు అందిస్తున్నాడన్నారు, ఇన్విజిలేటర్లను మేపుతున్నాడన్నారు. పరీక్షలు వస్తే స్క్వాడులు దిగేవి. కిటికీల వెనక, బాత్రూముల వెనక, పిల్లల పరీక్ష అట్టల కింద వెతికేవాళ్ళు. ఏమీ దొరికేది కాదు. మండల విద్యాధికారి హెడ్మాస్టరు గదిలోనే కూర్చుని టీ తాగుతూ అడిగేవాడు.

"ఏందయ్యా పానకాలరావూ, నీ కిటుకు?"

"కిటుకేముంది సార్. పొద్దున, సాయంత్రం స్టడీ అవర్లు."

విద్యాధికారి నవ్వి ఊరుకునేవాడు. స్క్వాడులవాళ్ళు ఎప్పుడూ పరీక్షల నెలలోనే వెతికారు. నేను మాత్రం గోడ మీద ఏడాది పొడుగునా ఉండేవాణ్ణి.

అసలు సంగతి దసరా సెలవుల తర్వాత జరిగేది. తొమ్మిదో తరగతిలోనూ, అప్పుడప్పుడు పదిలోనూ, చదువులో వెనకబడిన పిల్లల తల్లినో తండ్రినో పానకాలరావు ఒక్కొక్కరినే పిలిపించేవాడు. కుర్చీ వేయించేవాడు. జీవితంలో ఏ ఆఫీసులోనూ కూర్చోని వాళ్ళు ఆ కుర్చీ అంచున కూర్చునేవాళ్ళు. "పిల్ల మంచిదే. కానీ ఇక్కడ పరీక్ష రాస్తే తప్పుద్ది. తప్పితే సిగ్గుతో కుంగిపోద్ది. టీసీ తీసుకెళ్ళండి, తర్వాత ప్రైవేటుగా కట్టిద్దాం. నేను చూసుకుంటా గదా," అనేవాడు. వాళ్ళు దణ్ణం పెట్టి వేలిముద్ర వేసి వెళ్ళేవాళ్ళు. ప్రైవేటుగా కట్టిన పిల్లల్ని నేను ఒక్కరినీ చూడలేదు. తొమ్మిదిలో రెండు సెక్షన్ల నిండా ఉన్న పిల్లలు పదిలో ఒక గదికి సరిపోయేవాళ్ళు. ఆ ఒక గదే నూటికి నూరు.

అలాంటి బడికి ఇంగ్లీషు టీచరుగా దైవకృప వచ్చింది. ముప్పై అయిదు దాటిన మనిషి, జుట్టు గట్టిగా ముడి వేసి, సైజు పెద్దదైన చేతిసంచీతో తిరిగేది. వచ్చిన వారానికే నాకు ఆమె మీద అనుమానం కలిగింది. స్టాఫ్‌రూమ్‌లో కూర్చోదు. మధ్యాహ్నం అన్నం వడ్డించే చోట పిల్లల పక్కన నిలబడి ఏవేవో అడుగుతుంది. సాయంత్రం బస్సెక్కకుండా ఊళ్ళోకి నడుస్తుంది. పానకాలరావుకూ అదే అనుమానం. "తంగెళ్ళమిట్టవాళ్ళు పంపించారేమో కనుక్కో," అని అటెండరుతో అన్నాడు. తంగెళ్ళమిట్ట హైస్కూలు ఏటా రెండో స్థానంలో నిలిచి మమ్మల్ని తిట్టుకునేది.

ఒక రోజు ఆమె తలుపు దగ్గర నిలబడి నేరుగా అడిగింది.

"తొమ్మిదిలో ఉన్న పిల్లలు పదిలో ఎందుకు లేరు సార్?"

"డ్రాపౌట్లమ్మా. మెట్టప్రాంతం. పొగాకు పని మొదలైతే బడి గుర్తుండదు వీళ్ళకి."

"పొగాకు కొయ్యకముందే పోతన్నారు సార్."

పానకాలరావు పెన్ను మూత పెట్టాడు. లేచి ఆమెను కిటికీ దగ్గరికి రమ్మన్నాడు. అక్కడినుంచి తొమ్మిదో తరగతి గది పైకప్పు కనిపిస్తుంది. ఒక పక్క పెచ్చులూడి, ఇనుప చువ్వలు తేలి ఉన్నాయి. మిగతా గదులన్నిటికీ కొత్త స్లాబు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు, చుట్టూ ప్రహరీ.

"నేను వచ్చినప్పుడు బడంతా ఆ గది లాగే ఉండేది. ఆడపిల్లలు పొద్దున్నించీ మంచినీళ్ళు తాగకుండా కూర్చునేవాళ్ళు, బయటికి పోవాల్సొస్తదని. ఇవన్నీ ఎట్టా వచ్చినయ్యో తెలుసా?" అని నా వైపు చూపించాడు. "దీంతో. వచ్చే ఏడు ఆ గది కూడా అయిపోద్ది. నలుగురు పిల్లల కోసం నాలుగొందల మంది నెత్తిన వాన కురిపిద్దామా? చెప్పండి."

ఆమె ఆ చువ్వలనే చూస్తూ బయటికి నడిచింది. ఆయన మాటలో అబద్ధం లేదు, అదే ఇబ్బంది. అబద్ధమైతే ఎవరో ఒకరు ఎప్పుడో పట్టుకునేవాళ్ళు.

కానీ ఆమె ఊరుకోలేదు. మరునాడో ఆ మరునాడో కోటయ్య అనే పొగాకు కూలీనీ అతని కూతురు అంకమ్మనూ వెంటబెట్టుకు వచ్చింది. ఆ పిల్ల పదిలో చేరిన కొద్ది నెలలకే టీసీ తీసుకుని పోయింది. ఇప్పుడు బ్యారన్ దగ్గర కర్రలకు ఆకు అల్లుతోంది. వేళ్ళు పొగాకు జిగురుతో నల్లబడి ఉన్నాయి. కోటయ్య ఈసారి కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

"నాకొకటి తెల్వాలమ్మా," అన్నాడు దైవకృపతో. "పోయిన నెల్లో పిల్ల వద్దన్నారు. ఇయ్యాల కావాలంటన్నారు. మజ్జెలో మీకేంది లాభం? ఓట్లేవన్నా వచ్చినయ్యా?"

"నాకేం లాభం లేదు కోటయ్యా."

"లాభం లేకండా ఇంత ఎండన పడి మా గుడిసెకాడికి ఎవురొస్తారు?"

ఆమె చేతిసంచీ భుజం మార్చుకుంది. "నేనూ పదిలో లెక్కల్లో తప్పాను. మా అమ్మ హాస్టల్లో వంటమనిషి. ఇంకోసారి రాయమని కొట్టినంత పని చేసింది. రాస్తే పోయింది. మూడోసారికి వచ్చింది. మొదటిసారి తప్పుతానని నన్ను రాయనీకుండా చేసుంటే, ఈపాటికి నేనూ ఆ హాస్టల్లో గిన్నెలు తోముతా ఉండేదాన్ని."

కోటయ్య నమ్మాడని అనుకోను. పానకాలరావు ఇంగ్లీషు పుస్తకం తీసి అంకమ్మ ముందు పెట్టాడు. చదవమన్నాడు. ఆ పిల్ల ఒక వాక్యం మధ్యలో ఆగింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ మొదలుపెట్టి అదే మాట దగ్గర మళ్ళీ ఆగింది. ఆయన దైవకృప వైపు, చూశారా అన్నట్టు చూశాడు. అంకమ్మ మాత్రం తల ఎత్తలేదు. ఆ మాటను ముక్కలుగా కూడబలుక్కుని, దాటి, పేజీ చివరిదాకా పోయింది.

"మరి బడి ఎందుకు మానేశావు?" అని అడిగాడాయన. ఆ ప్రశ్న అంత తేలికగా ఆయన నోట ఎలా వచ్చిందా అని నాకు ఆశ్చర్యం.

"మీరు మానమన్నారంట గదా సార్. మా నాన చెప్పాడు," అంది అంకమ్మ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

ఇన్నేళ్ళలో ఆయన మాట్లాడిందంతా తల్లిదండ్రులతో. పంపించేసిన పిల్లల్లో ఒకరు ఆయన ముందు నిలబడి మాట్లాడటం అదే మొదలు. ఆయన పుస్తకం మూసి అంకమ్మ చేతికిచ్చాడు.

"రాయించండి," అన్నాడు దైవకృపతో. "ఇంకా ఎవరిని తెస్తారో తెచ్చుకోండి. షీల్డు పోద్ది. దాంతోపాటు ఆ గది రిపేరూ పోద్ది. ఊళ్ళోవాళ్ళు అడిగితే మీరే చెప్పుకోవాల."

ఆమె ఇంకొందరిని తెచ్చింది. కొన్ని ఇళ్ళలో తలుపు తియ్యలేదని, ఒక ఇంట్లో ఆ పిల్లకు అప్పటికే పెళ్ళి చేసేశారని ఆయనతో చెబుతుంటే విన్నాను. ఇది కొత్త రకం ఎత్తుగడేమోనని నేను మాత్రం ఆయన్నే కనిపెట్టి చూస్తూ వచ్చాను. పరీక్షల ముందు చివరి క్షణంలో పేర్లు కొట్టేస్తాడనుకున్నాను. కొట్టెయ్యలేదు. సరికదా, సాయంత్రాలు ఆ పిల్లలకు తనే లెక్కలు చెప్పాడు. విసుక్కున్నాడు, సుద్దముక్కలు విసిరాడు, చెప్పిందే మళ్ళీ చెప్పాడు.

ఫలితాలు వచ్చాయి. వెనక్కి తెచ్చిన పిల్లల్లో ఎక్కువమంది గట్టెక్కారు. ఒకబ్బాయి సైన్సులో పోయాడు. అంకమ్మ లెక్కల్లో పోయింది. నూటికి నూరు పోయింది. ఈసారి అది తంగెళ్ళమిట్టకు వచ్చింది.

ఊళ్ళోవాళ్ళు గుంపుగా వచ్చారు. దైవకృపను తంగెళ్ళమిట్టవాళ్ళే పంపారని ఇప్పుడు అందరికీ రూఢి అయిపోయింది. "ఎంత తీసుకున్నావమ్మా?" అని ఒక పెద్దమనిషి ముఖం మీదే అడిగాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పానకాలరావు లేచి నిలబడి, "రాయించమంది నేను. ఏమన్నా అంటే నన్ననండి," అన్నాడు. ఆయన్ను వాళ్ళు ఏమీ అనలేదు. ఆమెను అనడం కూడా మానలేదు. తొలకరికి ఆ గది కప్పు ఒక మూల కూలింది. ఆదివారం కాబట్టి ఎవరికీ దెబ్బ తగల్లేదు. తొమ్మిదో తరగతి వరండాలోకి మారింది.

సప్లిమెంటరీ ఫలితాలు వచ్చిన రోజు అంకమ్మ పరుగెత్తుకుంటూ హెడ్మాస్టరు గదిలోకి వచ్చింది. లెక్కలు గట్టెక్కింది. సప్లిమెంటరీలో పాసైనవాళ్ళు షీల్డు లెక్కలోకి రారు. పానకాలరావు మార్కు చూసి, "అంచు మీద దాటావు," అన్నాడు. "దాటా గదా సార్," అంది ఆ పిల్ల. ఆ గదిలో నేను చూసిన ఆయన నవ్వుల్లో, లెక్కలు వేసుకోకుండా నవ్విన నవ్వు అదొక్కటే.

నన్ను అప్పగించే రోజు మండల సమావేశం. తంగెళ్ళమిట్ట హెడ్మాస్టరు నరసారెడ్డి కొత్త చొక్కాలో వచ్చాడు. విద్యాధికారి నన్ను పానకాలరావు చేతిలో పెట్టి, అందజెయ్యమన్నాడు. ఆయన నన్ను పట్టుకునే అడిగాడు.

"రెడ్డిగారూ, ఒక్క మాట. పోయినేడు మీ తొమ్మిదిలో ఉన్న పిల్లలందరూ పది రాశారా?"

నరసారెడ్డి ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్ళు పక్కకు తిరిగాయి. మిగతా హెడ్మాస్టర్లు చెప్పుల వంక చూసుకున్నారు. అప్పుడు నాకు తెలిసింది. కిటుకు ఒక్క పెదవాగుపాడుది కాదు. స్క్వాడులు వెతికినన్నాళ్ళూ ఒకరినొకరు ఏ తప్పుకు అనుమానించారో ఆ తప్పు ఎవరూ చెయ్యలేదు. అందరూ చేసిన తప్పును ఎవరూ అనుమానించలేదు.

"ఇప్పుడయన్నీ ఎందుకయ్యా, టీ చల్లారిపోతంది," అన్నాడు విద్యాధికారి. చప్పట్లు కొట్టారు. నేను తంగెళ్ళమిట్టకు వెళ్ళాను.

అక్కడా కుర్చీ వెనక గోడే. దసరా అయింది. ఎదురుచూసినట్టే, ఒక తల్లిని పిలిపించారు. పేరు ఆదెమ్మ. కూలిపనికి పోతూ దారిలో ఆగినట్టుంది, చేతిలో అన్నం క్యారియరు. నరసారెడ్డి కుర్చీ వేయించాడు. పిల్లాడు మంచివాడేనన్నాడు, తప్పితే కుంగిపోతాడన్నాడు, ప్రైవేటుగా కట్టిద్దామన్నాడు. మాటలు దాదాపు అవే. నాకు కంఠతా వచ్చినవే, కూడబలుక్కోవాల్సిన పని లేకపోయింది.

ఆదెమ్మ అంతా విని క్యారియరు కింద పెట్టింది.

"పెదవాగుపాడులో కోటయ్య కూతురు తప్పిందంట గదా సార్," అంది. "బ్యారన్ కాడ అందరం అనుకుంటన్నాం. తప్పి, మళ్ళా రాసి, పాసయిందంట."

"ఆ పిల్ల సంగతి వేరమ్మా."

"వేరే అయ్యుంటది. మావోడు కూడా తప్పనీండి. ముందు రాయనీండి."

నరసారెడ్డి ఇంకుప్యాడ్ మూత తీసి ఆమె వైపు జరిపాడు. ఇంకోసారి నెమ్మదిగా మొదటినుంచి చెప్పాడు. ఆమె రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. కుర్చీ అంచున కాదు, వెనక్కి ఆనుకుని. పనికి పొద్దుపోతోందని ఆయన గుర్తుచేశాడు. పొద్దుపోతే పోనీమంది. బయట ఇంకా ముగ్గురు తల్లులు తమ వంతు కోసం నిలబడి, తలుపు సందులోంచి ఆమె చేతులు ఎప్పుడు బయటికి వస్తాయా అని చూస్తున్నారు. ఇంకుప్యాడ్ ఎండిపోతున్నదని ఆయనే మూత పెట్టేశాడు.