ఏడో నంబరు దీపం

రేవు పక్కన మత్స్యకార సంఘం ఆఫీసు గోడకి ఒక చెక్క పలక, దాని మీద పదహారు పచ్చ దీపాలు. ఒక్కో దీపం ఒక్కో పడవది. పడవలో ఉండే చిన్న పెట్టె పది నిమిషాలకోసారి ఒక సంకేతం పంపుతుంది. కొండ మీది ఏంటెనా దాన్ని అందుకుంటే, ఆఫీసులోని కంప్యూటరు ఆ పడవ దీపాన్ని వెలిగిస్తుంది. అరగంట దాకా ఏ కబురూ రాకపోతే దీపం ఆరిపోతుంది. ఆరిందంటే మిగతా పడవలు వెతకడానికి బయల్దేరాలి.

చేపల వేట నిషేధం ఇంకా నాలుగు రోజులుంది. పడవలన్నీ ఇసుకలోకి లాగి ఉన్నాయి. పెట్టెలన్నీ ఆపేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. అయినా ఏడో నంబరు దీపం వెలుగుతూనే ఉంది.

ఈశ్వరి మొదటిరోజే దాన్ని చూసింది. కూర్మన్నపాలెంలో ఒక చిన్న కంపెనీ ఆమెను ఈ పనికి పంపింది. పాత కంప్యూటరు మూలుగుతోంది, కొత్తది కొన్నారు, నిషేధం ఎత్తేసేలోగా అంతా కొత్తదాంట్లోకి మార్చాలి. తన ఊరు పద్మనాభం నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. మాటలు తక్కువ, చూపు ఎక్కువ.

"ఏడో దీపం ఎందుకు వెలుగుతోంది సార్?" అని సంఘం కార్యదర్శి శ్రీరామ్మూర్తిని అడిగింది.

"అదలాగే ఉంటాదమ్మా. నువ్వు దానికేసి సూడకు," అన్నాడాయన, తనూ చూడకుండా.

ఆమె కొండ నుంచి వచ్చే తీగ పీకేసింది. దీపం ఆరలేదు. అరగంట ఆగింది. పక్కనున్న పాత కుర్చీలో ఎవరో కూచుని తన చేతులకేసి చూస్తున్నట్టు అనిపించి వెనక్కి తిరిగింది. ఖాళీ కుర్చీ. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరని అప్పటికే గమనించింది. ఈ ఏర్పాటంతా ఒంటి చేత్తో కట్టిన కామరాజు అనే ఇంజనీరుది అది. ఆయన పోయిన మాఘమాసంలో చనిపోయాడు. దీపం వెలుగు మాత్రం ఆయన కుర్చీ మీద పచ్చగా పడుతూనే ఉంది.

తీగ తిరిగి తగిలించి, ఆమె తన పనిలోకి వెళ్ళింది. కంప్యూటరు లేవగానే అన్నిటికంటే ముందు లేచే ప్రోగ్రాం కెర్నెల్. ఏ పరికరంతో మాట్లాడాలన్నా దానికి ఆ పరికరం సంగతి తెలిసిన డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. ఏవి ఉండాలో, ఏవి అక్కర్లేదో వేల వరసల జాబితాలో ఒక్కొక్కటిగా చెప్పాలి. వరస ముందు నక్షత్రం పెడితే ఆ డ్రైవరు కెర్నెల్లోనే కలిసిపోతుంది. ఎం అక్షరం పెడితే విడిగా ఉంటుంది, పిలిస్తేనే వస్తుంది. ఖాళీగా వదిలేస్తే లేనట్టే. పాత జాబితా తీసుకొచ్చి చూపిస్తే కొత్త కెర్నెల్ తనకు తెలియని ప్రతిదాన్నీ అడిగింది. ఈశ్వరి రెండు రోజులు ఓపిగ్గా జవాబులు చెప్పింది. ఊళ్ళో బడిలో ఆఖరి బెంచీ నుంచి నల్లబల్ల మీది ప్రతి అక్షరం దించుకున్న పిల్లకి అదేం కష్టం కాలేదు.

మూడోరోజు మధ్యాహ్నం కామరాజు స్వయంగా రాసిన డ్రైవరు దగ్గరికి వచ్చింది. దాని కింద ఇంకొక వరస ఉంది: "ఏడో లైను". ముందు నక్షత్రం. ప్రతి వరసకీ ఉన్నట్టే దీనికీ ఒక వివరణ ఉంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:

"ఇది పెడితే ఏడో లైను ఎప్పుడూ ఉన్నట్టే చూపిస్తుంది. ఆ రోజు కొత్త కెర్నెల్ వేసి డ్రైవరుకి ఎం పెట్టాను. పిలవడం మర్చిపోయి టీకి వెళ్ళాను. మూడూ నలభై నుంచి ఐదూ ఐదు దాకా పదహారు దీపాలూ ఆరిపోయి ఉన్నాయి. మిషను పాడైందనుకుని ఎవరూ కదల్లేదు. నేను వచ్చి డ్రైవరుని పిలిస్తే పదిహేనే వెలిగాయి. తెలియకపోతే అవును అనండి."

కెర్నెల్లో ప్రతి వివరణ చివరా అలాంటి మాటే ఉంటుంది, తెలియకపోతే అవుననండి, తెలియకపోతే కాదనండి అని. ఈశ్వరి వేలసార్లు చదివింది. ఒక మనిషి పక్కన కూర్చుని చెప్పినట్టు ఎప్పుడూ వినిపించలేదు.

శ్రీరామ్మూర్తిని పిలిచి చూపించింది. ఆయన చదవలేదు, ఆయనకు తెలుసు.

"సూరన్నది ఆ బోటు. ఎనిమిదేళ్ళయింది, సెక్కముక్క కూడా దొరకలేదు. ఆడి పెళ్ళాం సన్యాసమ్మ రోజూ ఈ యేలకి వస్తాది, దీపం సూస్తాది, ఎల్తాది. ఉంచేయమ్మా. నీకేటి నష్టం?"

"ఆ నంబరు ఇప్పుడు ఎవరికిచ్చారు సార్?"

"సన్నీకి. సూరన్న తమ్ముడి కొడుకు. కొత్త బోటు కొన్నాడు. పెదనాన్న నంబరు ఇంట్లోనే ఉంటాదని నానే ఇప్పించినాను." ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఆయన ముఖం మారిపోయింది.

"సన్నీ బోటు మునిగినా ఈ దీపం ఆరదు సార్," అంది ఈశ్వరి. "వెతకడానికి ఎవరూ వెళ్ళరు."

శ్రీరామ్మూర్తి పలకకేసి చూశాడు. "ఆవిడికి నువ్వే సెప్పు. నాను సెప్పలేను," అని బయటికి వెళ్ళిపోయాడు.

సన్యాసమ్మ ఎండుచేపల గంప గడప దగ్గర దించి లోపలికి వచ్చింది. దీపం చూసింది. "ఉన్నాడు బాబూ," అంది ఖాళీ కుర్చీ వైపు తిరిగి.

"అత్తా, ఆ దీపం..." అని మొదలుపెట్టి ఆగిపోయింది ఈశ్వరి.

"ఏటే గుంటా, అబద్ధమనా?" సన్యాసమ్మ గచ్చు మీద చతికిలబడింది. "ఎనిమిదేళ్ళు సంద్రంలో బేటరీ ఎవులు మారుస్తన్నారే? నాకు తెల్దనుకున్నావా?"

"మరి రోజూ ఎందుకు వస్తున్నావు?"

"ఆ ఇంజనీరు బాబు కోసం. ఆడు అన్నం మానీసినాడు. కేరేజీ అలాగే ఉండీది, ఇప్పీవోడే కాడు. నానొచ్చి సూసి, ఉన్నాడు బాబూ అంటే ఆ పూట తినీవోడు. నా మొగుడెలాగూ పోనాడు, ఈ పిల్లడు కూడా పోతాడేటని వచ్చీదాన్ని."

"ఆయన కూడా పోయాడు కదా అత్తా."

"పోనాడు. ఆ దీపం మావోడిది కాదే, ఆ బాబుది. ఒక్కడూ ఇక్కడే ఉండిపోనాడు, కుర్చీలో. పలకరించకుండా ఎలా ఎల్లమంటావు?"

ఈశ్వరి సన్నీ నంబరు సంగతి చెప్పింది. సన్యాసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు కుర్చీకేసి, పసివాడికి చెప్పినట్టు, "ఇంక సాలు బాబూ. లెగు," అంది. ఈశ్వరితో, "ఆర్పీయే," అంది.

ఈశ్వరి జాబితాలో ఆ వరస దగ్గరికి వెళ్ళింది. కామరాజు డ్రైవరుకి నక్షత్రం అలాగే ఉంచింది. ఏడో లైను ముందున్న నక్షత్రాన్ని తీసేసి ఖాళీగా వదిలింది. కొత్త కెర్నెల్ తయారవడానికి గంట పట్టింది. పాత కంప్యూటరు ఆపేసి, కొండ తీగనీ పలక తీగనీ కొత్తదానికి తగిలించి లేపింది. పదహారు దీపాలూ చీకటి.

సూరన్న పోయిన రోజూ ఈ పలక ఇలాగే ఉండి ఉంటుంది, అనుకుంది ఈశ్వరి.

శ్రీరామ్మూర్తి సన్నీని వెంటబెట్టుకొచ్చాడు. సన్నీ తన పెట్టెకి మీట వేశాడు. ఏడో దీపం వెలిగింది. మీట ఆపేశాడు. దీపం వెలుగుతూనే ఉంది.

"ఏటి మేడమ్, ఆరదేటి?" అన్నాడు.

"అరగంట పడుతుంది."

"మునిగిపోనోడు అరగంట ఆగాలేటి?"

"నోర్ముయ్యిరా, సచ్చినోడా," అంది సన్యాసమ్మ.

నలుగురూ పలకకేసి చూస్తూ నిలబడ్డారు. ఆ అరగంటలో ఎవరూ గడియారం చూడలేదు. ఒకసారి కుర్చీ కిర్రుమంది, బహుశా చెక్క ఎండకి సాగి ఉంటుంది. ఆ తర్వాత కాసేపటికి దీపం ఆరిపోయింది. సన్యాసమ్మ గట్టిగా ఊపిరి వదిలి, గంప నెత్తికెత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

నిషేధం ఎత్తేసిన రోజు తెల్లారేసరికి పడవలన్నీ నీళ్ళలోకి దిగాయి. పదహారు దీపాలూ వెలిగాయి. మొదటిరోజంతా దగ్గరుండి చూడమని కంపెనీ వాళ్ళు చెప్పారు కాబట్టి ఈశ్వరి అక్కడే ఉంది. నిలబడి నిలబడి కాళ్ళు పీకితే, ఇన్నాళ్ళూ ఎవరూ కూర్చోని ఆ పాత కుర్చీలోనే కూర్చుంది.

మధ్యాహ్నం అదే వేళకి గడప బయటి నుంచి గొంతు వినిపించింది. సన్యాసమ్మ లోపలికి రాలేదు, పలకకేసి చూడనూ లేదు.

"ఓలే గుంటా. సన్నీగాడున్నాడేటే?"

ఏడో దీపం వెలుగుతోంది. ఈశ్వరి అది చూసి జవాబు చెప్పబోయి, ఆగింది. తెర మీద ఏడో లైను చివరి కబురు ఎప్పుడొచ్చిందో వెతికింది. ఇరవై రెండు నిమిషాల కిందట. పదికోసారి రావాల్సింది. బయట గంపలో ఈగలు ముసిరే చప్పుడు వినిపిస్తోంది. సన్యాసమ్మ రెండోసారి అడగలేదు.

ఇరవై ఆరో నిమిషంలో తెర మీద కొత్త వరస పడింది. ఏడు.

"ఉన్నాడత్తా," అంది.

అడుగుల చప్పుడు దూరమయ్యాక, బల్ల మీద తను పొద్దున తెచ్చుకున్న కేరేజీ మూత కూడా తియ్యకుండా ఉండటం ఆమెకు కనిపించింది. దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. విప్పబోతూ, మళ్ళీ ఒకసారి తెరకేసి చూసింది.