మూడో పేజీలో అవ్వ

కూతురు వెబ్‌సైటు పెట్టిన దగ్గర్నుంచి రఘునాథన్ కాలు ఒక చోట నిలవడం లేదు. ఉప్పళం పేటలో ఆయన్ని పలకరించిన పాపానికి ప్రతివాళ్లూ దాని కథ వినాల్సి వచ్చేది. పాలు పోసే మునికి చెప్పాడు. ఇస్త్రీ బండి కనకానికి చెప్పాడు. సగం చొక్కాలు ఇస్త్రీ అయ్యేదాకా వదలకుండా చెప్పాడు.

ఆయన పుదుచ్చేరిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆ ఏడే ఆఫీసుకి ఇంటర్నెట్టు వచ్చింది. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుంటుంటే ఈయన కంప్యూటర్ ముందు చేరి కూతురి వెబ్‌సైటు తెరిచేవాడు. పేజీ అడుగున ఎన్నిసార్లు చూశారో చూపించే అంకె ఒకటి ఉండేది. అది రోజూ పెరుగుతుంటే లోకమంతా తన బిడ్డని చూస్తోందని పొంగిపోయేవాడు. అందులో సగం సార్లు చూసింది తానేనని ఆయనకి తట్టలేదు. తెలిసినవాళ్లు కూడా చెప్పి ఉసూరుమనిపించలేదు.

నందిత యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. సముద్రం ఒడ్డుని ఎలా కోసుకుపోతోందన్నది ఆమె విషయం. కురుచికుప్పం దగ్గర రాళ్లు పోశాక అక్కడి ఇసక ఎటు పోయింది, సోలై నగర్ వైపు ఒడ్డు ఎంత లోపలికి జరిగింది, ఇదంతా మొదటి పేజీలో పటాలతో సహా ఉంటుంది. రెండో పేజీలో తీరికవేళల్లో లాడ్జీలకీ దుకాణాలకీ చేసిచ్చిన వెబ్‌సైట్ల వివరాలు. ఈ రెండూ ఇంగ్లీషు. మూడో పేజీ మాత్రం తెలుగు.

ఆ తెలుగు దగ్గరే చిక్కు. వీళ్లది ఏ కాలంలోనో ఇటు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది తమిళం. తెలుగు అక్షరం ముఖం ఇంట్లో ఎవరికీ తెలియదు. నందిత ఒక్కతే యూనివర్సిటీలో నెల్లూరు స్నేహితురాలి దగ్గర పట్టుబట్టి నేర్చుకుంది. అందుకని మూడో పేజీ తెరిచినప్పుడల్లా రఘునాథన్‌కి గర్వం ఇంకాస్త ఎక్కువయ్యేది. తెర నిండా వరసలు వరసలుగా చిన్న చిన్న గళ్లు కనిపించేవి. తిరుపతిలో బోర్డుల మీద చూసిన తెలుగు గుండ్రంగా ఉన్నట్టు గుర్తు. కంప్యూటర్లో చదరంగా వస్తుంది కాబోలని సరిపెట్టుకుని, పక్కవాళ్లని పిలిచి మరీ ఆ గళ్లు చూపించేవాడు.

ఒకరోజు సూపరింటెండెంట్ ఆదికేశవన్‌కి కూడా చూపించాడు. ఆయనా వీళ్లలాంటి తెలుగువాడే, ఆయనకీ తెలుగు చదవడం రాదు. కళ్లద్దాలు సవరించుకుని మొదటి రెండు పేజీలూ శ్రద్ధగా చూశాడు. మూడోది చూసి మొహం చిట్లించాడు.

"ఏంది రఘునాథన్ ఇది? మొదటి రెండూ జెంటిల్‌గా ఉండాయి. పాపకి చెన్నైలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉండాదంటివే. ఆ పెద్దోళ్లు ఇది తెరిచి చూస్తే సీరియస్ క్యాండిడేట్ అనుకుంటారా? తెలుగంటే సొంత కతలూ కాకరకాయలే అయ్యుంటాయి, అవి యాడన్నా వేరేగా పెట్టుకోమను. దీన్ని తీసేయమను."

ఆఫీసరు మాటంటే రఘునాథన్‌కి వేదం. ఆ రాత్రి అన్నాల దగ్గర చల్లగా కదిపాడు.

"పాపా, ఆ మూడో పేజీ తీసెయ్."

నందిత చెయ్యి కంచంలోనే ఆగింది. "చదివినావా నాయినా?"

"నాకు యాడ వస్తాది చదవను? ఆదికేశవన్ సారు చెప్పినాడు. ఇంటర్వ్యూకి బాగుండదంట."

"సరే. ఆదివారం ఇంటర్నెట్ సెంటర్‌కి పోయి తీసేస్తాలే," అంది నందిత. పెరుగు వేసుకోకుండానే లేచిపోయింది.

సాంబార్లో ఉప్పు తగ్గిందా లేదా అన్నదాని మీద కూడా గంటసేపు వాదించే పిల్ల, ఒక్క మాట ఎదురు చెప్పలేదు. రఘునాథన్‌కి అదే మింగుడుపడలేదు. భార్య ధనభాగ్యం గిన్నెలు తీస్తూ, "పావం, ఏం రాసుకొనిందో ఏమో," అని ఊరుకుంది. ఆయనకి మాత్రం ఆ రాత్రి నుంచి లోపల ఏదో నలగడం మొదలైంది. ఏం రాసిందో తెలియకుండానే తీసేయమన్నాడు. తీసేశాక ఇక తెలుసుకునే దారి కూడా ఉండదు.

ఆఫీసులో పక్క సెక్షన్‌కి యానాం నుంచి బదిలీ మీద వచ్చిన వీర్రాజు ఉన్నాడు. యానాం పుదుచ్చేరి పాలనలోదే అయినా అక్కడ చదువూ సంధ్యా అంతా తెలుగులోనే. శుక్రవారం రఘునాథన్ మూడో పేజీని ప్రింటు తీసి, నలుగురి కళ్లూ తప్పించి అతని బల్ల మీద పెట్టాడు.

"సార్, మా పాప రాసింది. కొంచెం చదివి చెప్పండి."

వీర్రాజు కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇవి అక్షరాలు కావండీ బాబూ, ఉత్త ఖాళీ గళ్లు. ఈ కంప్యూటర్‌కి తెలుగు రాదండి. రాని అక్షరం దగ్గరల్లా ఓ గడి పెట్టేస్తది."

రఘునాథన్ ఆ కాగితాన్ని గబగబా మడిచాడు. ఇన్నాళ్లూ ఎంతమందిని కూర్చోబెట్టి ఖాళీ గళ్లు చూపించాడో తలుచుకుంటే ఆయనకి చెమటలు పట్టాయి. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఆలస్యంగా తట్టింది. సూపరింటెండెంటు చూసిందీ ఆ గళ్లనే.

వీర్రాజు నవ్వు ఆపి, భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకండి. నేనెళ్లే సెంటర్లో తెలుగు బాగానే కనిపిస్తదండి. ఆదివారం పొద్దున్నే ఎల్దాం."

ఆదివారం పొద్దున నందిత తలంటుకుంటున్న వేళ చూసి రఘునాథన్ ఇల్లు దాటాడు. సెంటర్లో వీర్రాజు పేజీ తెరిచేదాకా ఆయన కుర్చీ అంచునే కూర్చున్నాడు. పేజీ ఇంకా ఉంది. ఈసారి గళ్లు లేవు. తిరుపతిలో చూసిన గుండ్రటి అక్షరాలే నిండుగా ఉన్నాయి. వీర్రాజు గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.

"మా అవ్వ అమ్మాయమ్మ కడపటి దినాల్లో ఎవరినీ గుర్తు పట్టేది కాదు. మా నాయిన ఆఫీసు నుంచి వచ్చి పక్కన కూర్చుంటే, ఎవరప్పా నువ్వు అని అడిగేది. నీ కొడుకునమ్మా అనేవాడు నాయిన. నా కొడుకు వయసు పిల్లోడు, నువ్వు తల నెరిసినోడివి, నన్ను ఏమార్చొద్దు అని అవ్వ ఏడ్చేది. కూడు ముట్టేది కాదు. కొన్నాళ్లు చూసి నాయిన వేరే మాట కనిపెట్టినాడు. నీ కొడుకు పంపినాడమ్మా, నువ్వు తినినావో లేదో చూసి రమ్మన్నాడు అనేవాడు. అప్పుడు అవ్వ నవ్వి నోరు తెరిచేది. నాయిన ముద్ద కలిపి పెట్టేవాడు. కన్నతల్లి దగ్గర దినమూ పరాయోడిగా కూర్చున్నాడు. ఇది ఎవరికీ తెలీదని నాయిన అనుకుంటాడు. తలుపు అవతల నేను హోంవర్కు చేస్తా ఉంటి."

వీర్రాజు తెర మీదినుంచి చూపు తిప్పి, "ఈ నాయన మీరేనాండీ?" అన్నాడు.

రఘునాథన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతుంటే వీర్రాజు లేచి, మంచినీళ్ల వంకతో బయటికి వెళ్లాడు. తల్లి పోయిన రోజు కూడా ఇంతగా ఏడవలేదు ఆయన. ఆ రోజు బంధువులకి కాఫీలు అందాయా లేదా చూడ్డంతోనే సరిపోయింది. ఇప్పుడు బిడ్డ రాసిన నాలుగు మాటలు ఆ దుఃఖాన్ని ఇన్నేళ్లకి బయటికి లాగాయి. దాన్నే ఆయన తన నోటితో తీసేయమన్నాడు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని ఇంటికి పరుగులాంటి నడక నడిచాడు. నందిత వాకిట్లో చెప్పులు వేసుకుంటోంది. భుజాన సంచి ఉంది.

"యాడికి?"

"సెంటర్‌కి. తీసేయమంటివి కదా."

"తీయొద్దు," అన్నాడు ఆయన. ఆయాసంతో వాకిలి మెట్టు మీద కూలబడ్డాడు. "వీర్రాజు సారు చదివి వినిపించినాడు."

నందిత ముఖం పాలిపోయింది. "నీకు తెలిస్తే బాధపడతావనే నాయినా, ఇంట్లో ఎవరికీ రాని అక్షరాల్లో రాసుకున్నా. నీ సంగతి బయట పెట్టినానని కోపమా?"

"కోపమేంది పాపా. మా అమ్మ గొంతు విన్నా ఇన్నాళ్లకి."

"మరి ఇంటర్వ్యూ? ఆదికేశవన్ సారు..."

"సారు చూసింది ఉత్త గళ్లు. గళ్లకి సలహా చెప్పినాడు పావం. ఉద్యోగం వస్తే రానీ, రాకపోతే ఇంకోటి చూసుకుందాం. అవ్వని మాత్రం తీయొద్దు."

నందిత సంచి పక్కన పెట్టి తండ్రి పక్కనే కూర్చుంది. వీధిలో చేపలమ్మే ఆమె కేక వేస్తూ వెళ్లింది. అడగనా వద్దా అని తటపటాయించి, చివరికి నందితే అడిగింది.

"నాయినా, అవ్వ పోయిన రోజు నన్ను స్కూలుకి పంపేస్తిరి. నేను రాసింది అందుకే మధ్యలో ఆగిపోయింది. ఆ రోజు అవ్వ ఏమన్నా మాట్లాడిందా?"

ఆ మాట ఆయన ధనభాగ్యానికి కూడా చెప్పలేదు. చెప్పుకుంటే తట్టుకోలేనని భయపడ్డాడు. ఇప్పుడు పక్కన ఈ పిల్ల ఉంటే ఆ భయం అంతగా లేదు.

"పొద్దున పెరుగన్నం పెడతా ఉంటే నా చెయ్యి పట్టుకొనింది. నువ్వు రొంబ మంచోడివి నాయినా అనింది. నా కొడుకు దినమూ నిన్ను పంపిస్తాడే గానీ, వాడు ఒక్క దినమన్నా వచ్చినాడా, వాడి కంటే నువ్వే మేలు అనింది."

నందిత పెదవి బిగబట్టింది. "నువ్వేమంటివి?"

"వాడికి పని జాస్తి అమ్మా, రేపు తప్పకుండా వస్తాడు అంటి." రఘునాథన్ పంచె అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. "నేను వస్తాననే ఎదురుచూస్తా పోయింది."

నందిత తండ్రి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆయన ఆ చేతిని అక్కడే ఉండనిచ్చాడు.

"ఇది కూడా రాయి పాపా," అన్నాడు. "నాయినే చెప్పినాడని రాయి."